కూచిపూడి పొరుగూరే, ఆట మాత్రం దూరం

ఉయ్యూరు సెంటర్లో బస్సెక్కి పామర్రులో దిగి, అక్కడ చల్లపల్లి రోడ్డు పట్టుకుంటే గంటలో కూచిపూడి చేరవచ్చు. ముప్పై కిలోమీటర్ల లోపు దారి. చెరకు ట్రాక్టర్లు అడ్డం పడితే మరో పావుగంట. కేంద్ర సంగీత నాటక అకాడమీ శాస్త్రీయ నృత్యాలుగా గుర్తించిన ఎనిమిదింటిలో ఒక పల్లెటూరి పేరు మోస్తున్నది ఇదొక్కటే. అమెరికాలో ఉద్యోగం చేసుకునే తెలుగువారు తమ ఆడపిల్లకు నేర్పించాలని గురువుల కోసం వెతికే నాట్యం ఇదే. అయినా ఉయ్యూరు చుట్టుపక్కల గ్రామాలలో భామాకలాపాన్ని తెర ఎత్తింది మొదలు మంగళహారతి దాకా కూర్చుని చూసినవారెవరని అడిగితే, అరవై దాటిన వాళ్లు నలుగురు చేతులెత్తుతారు. మిగతా వాళ్లకు అది స్కూలు వార్షికోత్సవంలో పది నిమిషాల అంశం, లేదా టీవీలో ఒక ముక్క.

పూర్వం పరిస్థితి ఇలా ఉండేది కాదు. కూచిపూడి భాగవతులు మేళాలు కట్టుకుని ఊరూరా తిరిగేవారు. నూర్పిళ్లయి గాదెలు నిండిన తరువాత రచ్చబండ దగ్గరో, గుడి ముందరో పందిరి వేసేవారు. ఊరివాళ్లు బియ్యం, కూరగాయలు, రొక్కం కూడేసి ఇచ్చేవారు. అలా తిరిగే మేళాల సంగతి చెప్పే పాత ఆధారాలలో మాచుపల్లి కైఫీయతు ఒకటి. 16వ శతాబ్ది ఆరంభం నాటి ఉదంతం అది. సిద్ధవటం సీమలో సమ్మెట గురవరాజు అనే పాలకుడు పన్నుల కోసం ప్రజలను, స్త్రీలను కూడా విడవకుండా, చిత్రహింసలు పెడుతున్నాడు. ఆ దారిన పోతున్న కూచిపూడి మేళం అదంతా చూసింది. విజయనగరం చేరి వీరనరసింహరాయల ఎదుట ఆట కట్టినప్పుడు, ఆ హింసనే వేషాలు వేసి ఆడి చూపించింది. రాయలు విచారణ జరిపించి గురవరాజును శిక్షించాడని కైఫీయతు చెబుతుంది. అర్జీ పెట్టుకోలేని జనం తరఫున ఆటగాళ్లు అర్జీ పెట్టారన్నమాట. కాలక్షేపానికి గెంతులు వేసే బృందమైతే అంత ధైర్యం చేసి ఉండదు.

తరువాతి చరిత్రలో సిద్ధేంద్రయోగి పేరు ముందు వస్తుంది. భామాకలాపం ఆయన కూర్చినదేనని, కూచిపూడి బ్రాహ్మణ కుటుంబాలలో పుట్టిన ప్రతి మగపిల్లవాడూ జన్మలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని ఆయన మాట తీసుకున్నాడని అక్కడివారు చెప్పుకుంటారు. గోల్కొండ తానీషా వారి ఆట చూసి ఊరిని అగ్రహారంగా ఇచ్చాడన్నది మరొక కథ. కథలెలా ఉన్నా, 1763లో ఆ అగ్రహారం వాటాల తగాదా తీర్చిన పత్రంలో భాగవతుల కుటుంబాల ఇంటిపేర్లు ఉన్నాయి. అవే ఇంటిపేర్లు ఇవాళ్టికీ నాట్యరంగంలో వినిపిస్తున్నాయి.

ఆ రోజుల్లో ఆట ఎలా ఉండేదో చెప్పుకుంటే తప్ప ఏం పోగొట్టుకుంటున్నామో తెలియదు. కరెంటు లేదు. అటూ ఇటూ కాగడాలు. వేషం ప్రవేశించే వేళకు కాగడా మీద గుప్పెడు గుగ్గిలం పొడి విసిరితే భగ్గున మంట లేచేది. ఆ వెలుగులో ముఖానికి పూసిన అరదళం పచ్చగా మెరిసేది. భుజకీర్తులు, కిరీటం బంగారానివి కావు. తేలిక కర్రకు జిగురుతో బంగారు కాగితం, అద్దపు ముక్కలు అంటించి చేసినవే. పదిగజాల దూరం నుంచి చూసే రైతు కంటికి అవే ద్వారక సంపద.

ఇద్దరు మనుషులు పట్టుకున్న తెర వెనుక ముందుగా కనిపించేది సత్యభామ జడ. ముఖం చూపించకముందే జడను తెర మీదుగా ఇవతలికి వేయడం ఆచారం. అది అలంకారం చూపించుకోవడం కాదు, సవాలు. నాట్యంలో నన్ను గెలవగల వారుంటే రండి అని సభలోని పండితులందరికీ చేసిన సవాలు. ఆ పైన మాధవితో సంభాషణ. నీ భర్త పేరేమిటని మాధవి అడుగుతుంది. తెలుగింటి ఆడది మొగుడి పేరు నోటితో ఎలా చెబుతుంది? భామ సిగ్గుపడుతూ, చుట్టూ తిప్పి, ఆనవాళ్లు చెబుతుంది. మాధవి ఒక పట్టాన అర్థం కానట్టు నటిస్తుంది. తన ఇంట్లోనూ అంతే కాబట్టి పందిట్లో కూర్చున్న ప్రతి ఇల్లాలూ ముసిముసిగా నవ్వుకునేది. అద్దంలో చూసుకుని నేను అందగత్తెనా నువ్వు అందగాడివా అని వాదన పెట్టుకోవడం, కృష్ణుడు అలిగి వెళ్లిపోవడం, తరువాత భామ విరహం, ఉత్తరం రాయడం. ఆ ఉత్తరం పట్టుకెళ్లినందుకు కూలిగా మాధవి అడిగేది భామ ముక్కున ఉన్న నగ. ముత్తయిదువ ముక్కు నగ తీసి ఇవ్వాలంటే ఎంత గిలగిల! అక్కడ ఆటగాడు పావుగంట తీసుకుంటాడో గంట తీసుకుంటాడో జనం హుషారును బట్టి ఉండేది.

వేషాలన్నీ మగవాళ్లే కట్టేవారు. వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామగా, ఉషగా, మోహినిగా రంగం మీదికి వస్తే, ఆ వేషంలో ఉన్నది పురుషుడని తెలిసినవారు కూడా మరిచిపోయేవారు. 1970లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అంతటి నటుడి వెనుక ఈ జిల్లా పల్లెటూళ్లలో తెల్లవార్లూ కూర్చున్న జనం ఉన్నారు. బాగుంటే నవ్వారు, బాగాలేకపోతే లేచి బీడీ కాల్చుకోవడానికి పోయారు. నటుడికి అంతకు మించిన పరీక్ష లేదు.

తెల్లవార్లూ ఆట ఎందుకు తగ్గిందంటే సినిమాను తిట్టడం సులువు. అది పూర్తి నిజం కాదు. కూచిపూడి వాళ్లకే సినిమా అన్నం పెట్టింది. వేదాంతం రాఘవయ్య 1939లో వచ్చిన ‘రైతుబిడ్డ’లో నాట్యం చేసి, తరువాత పేరున్న దర్శకుడయ్యారు. వెంపటి పెదసత్యం, పసుమర్తి కృష్ణమూర్తి మద్రాసులో ఎన్నో చిత్రాలకు నృత్యాలు కూర్చారు. మేళం మీద బతకడం కష్టమైనప్పుడు కడుపు చేత పట్టుకుని వెళ్లినవారిని తప్పుపట్టే హక్కు, వారికి పందిరి వేయడం మానేసిన ఊళ్లకు లేదు. అటు ఢిల్లీలో ఇది శాస్త్రీయ నృత్యమా కాదా అని 1950ల చివరలో వాదన లేచినప్పుడు, దీని తరఫున నిలబడి పోరాడిన వారిలో ఏలూరు వకీలు, రంగస్థల నటుడు బందా కనకలింగేశ్వరరావు ముఖ్యులు. కూచిపూడి గ్రామంలో సిద్ధేంద్ర కళాక్షేత్రం వెలియడంలోనూ ఆయన కృషి ఉంది.

మద్రాసు వెళ్లినవారిలో ఆటను హాలుకు తగినట్టు మలిచింది వెంపటి చినసత్యం. కూచిపూడిలో పుట్టి, 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించారు. శ్రీకృష్ణ పారిజాతం, క్షీరసాగర మథనం, చండాలిక, హరవిలాసం, మేనకా విశ్వామిత్ర, పద్మావతీ శ్రీనివాసం వంటి నృత్యనాటకాలు వరసగా తయారయ్యాయి. పత్రికలు వాటిని ‘బ్యాలే’ అని రాసేవి. రష్యావారి బ్యాలేలో నర్తకులు నోరు మెదపరు, మన ఆటకు నోరే సగం బలం. అయినా ఆ మాట అతుక్కుపోయింది. ఎస్.వి. భుజంగరాయశర్మ సాహిత్యం, పట్రాయని సంగీతరావు సంగీతం. రాత్రంతా పట్టే కథ రెండు మూడు గంటలకు కుదిరింది. ఆడవేషం ఆడవాళ్లే కట్టారు. దీపాలు, తెరలు, వరుసలు దిద్దినట్టు వచ్చాయి. పాట, మాట పక్కన కూర్చున్న గాయకులకు వెళ్లాయి. ఇక్కడే పాతకాలపు వారికి ఒక అసంతృప్తి మిగిలింది. నటుడు తానే పాడి, తానే మాట్లాడి, ఎదురుగా ఉన్న రైతును కూడా మాటలోకి లాగే చనువు హాలులో పోయిందని. అందులో న్యాయం ఉంది. కానీ ఆ మలుపు తిరగకపోతే ఆట అసలే మిగిలేది కాదన్నదీ అంతే న్యాయం. చినసత్యం, సత్యనారాయణ శర్మ ఇద్దరూ 2012లోనే, కొద్ది నెలల తేడాతో కన్నుమూశారు.

ఇంకొక సంగతి దాచి రాయడం మంచిది కాదు. పాత రోజులను తలుచుకునేటప్పుడు అన్నీ బంగారమేనని చెప్పుకుంటాం. ఆ మేళాలలో స్త్రీకి చోటు లేదు, ఇతర కులాలకు చోటు లేదు. కృష్ణా, గోదావరి జిల్లాల కలావంతుల ఇళ్లలో కూడా భామాకలాపం, గొల్లకలాపం ఉండేవి. కూచిపూడికి కూతవేటు దూరంలో ఉన్న మొవ్వ గోపాలుడి పేరు మీద క్షేత్రయ్య చెప్పిన పదాలను అభినయంతో సహా కాపాడింది ఎక్కువగా ఆ స్త్రీలే. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ నిషేధ చట్టం తెచ్చింది. దురాచారం పోవలసిందే, పోయింది. దానితోపాటు వారి విద్యకు కూడా గౌరవం లేకుండా పోయింది. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి వంటి గురువులు స్త్రీలకు నేర్పబట్టి తలుపు తెరుచుకుంది. ఇవాళ నాట్యం నేర్చుకునే వారిలో అత్యధికులు ఆడపిల్లలే. ఏ ఇంటి పిల్ల అయినా ఫీజు కట్టి నేర్చుకోవచ్చు. పాత ఆట కావాలంటున్నామంటే పాత గోడలు కూడా కావాలని కాదు.

ఇక ఇప్పుడు మన ఊళ్లలో నృత్యనాటకం వస్తే జరిగేదేమిటి? ఏ ఊరని పేరు పెట్టనక్కరలేదు, అన్నిచోట్లా ఒకటే తంతు. ఆటో మీద మైకు కట్టి రెండు రోజులు ప్రచారం చేస్తారు. కరపత్రంలో సాయంత్రం ఆరు గంటలకని ఉంటుంది. పొలం నుంచి వచ్చి, స్నానం చేసి, పిల్లలకు అన్నం పెట్టి, ముసలి అత్తగారిని వెంటబెట్టుకుని ఆడవాళ్లు ఆరింటికే వచ్చి కూర్చుంటారు. ముందు మూడు వరుసలు సోఫాలు, ఖాళీగా. అవి ముఖ్య అతిథులవి. ఏడున్నరకు అతిథులు వస్తారు. జ్యోతి ప్రజ్వలనం, శాలువాలు, పుష్పగుచ్ఛాలు, జ్ఞాపికలు. ఒక్కొక్కరూ తాము రెండు నిమిషాలే మాట్లాడుతామని చెప్పి ఇరవై నిమిషాలు మాట్లాడతారు. మన సంస్కృతిని కాపాడుకోవాలని అందరూ చెబుతారు. తెర వెనుక గజ్జెలు కట్టుకుని నిలబడ్డ పిల్లలు నీరసించి గోడకు ఆనుకుంటారు. వేషం బరువు సామాన్యం కాదు. తొమ్మిదికి ఆట మొదలవుతుంది. పదవుతుండగా, భామ ఉత్తరం రాస్తున్న ఘట్టంలో, చివరి బస్సు గుర్తొచ్చి సగం మంది లేస్తారు. అతిథులు తమ ప్రసంగం అయిన వెంటనే మరో కార్యక్రమం ఉందని వెళ్లిపోయి ఉంటారు కనుక ముందు వరుసలు మళ్లీ ఖాళీ. కృష్ణుడు వచ్చి భామ అలక తీర్చే సమయానికి చూసేది కుర్చీలు సర్దే కుర్రాళ్లు, నిద్రపోతున్న పసివాళ్లు.

ఆట చూడలేదని పల్లెటూరి జనాన్ని నిందించే పెద్దమనుషులు ముందు దీనికి జవాబు చెప్పాలి. మూడు గంటలు కూర్చోబెట్టి నాట్యానికి జనం లేరనడం అన్యాయం. సన్మానాలు చేయాలనుకుంటే ఆట అయిపోయాక చేయండి. ఆసక్తి ఉన్నవారు ఉంటారు. సోఫాలు వెనక్కి జరిపి, వేదిక ముందు చాపలు పరచి పిల్లలను కూర్చోబెట్టండి. పాదాల కదలిక, కళ్ల కదలిక దగ్గరనుంచి చూసిన పిల్లవాడికి ఆ ముద్ర పోదు.

మరొకటి వాద్యాలు. మృదంగం, వయొలిన్, వేణువు, గాత్రం, తాళం పట్టుకుని జతులు చెప్పే గురువు, వీరందరినీ తీసుకురావాలంటే ఖర్చని, ఇప్పుడు చాలాచోట్ల పెన్‌డ్రైవ్ పెట్టి ఆడిస్తున్నారు. రికార్డు పాటకు ఆడేటప్పుడు జనం నవ్వినా నటుడు ఆగలేడు. మాధవి ముక్కు నగ అడిగిన చోట హాలంతా ఘొల్లుమన్నా పాట తన దారిన తాను పోతూనే ఉంటుంది. భామాకలాపానికి అంతకంటే కీడు లేదు. అటు వాద్యకారుల జీవనం సంగతి కూడా ఉంది. పదేళ్లు కష్టపడి మృదంగం నేర్చినవాడికి ఏడాదికి నాలుగు ఆటలు కూడా రాకపోతే తన కొడుకుకు ఆ విద్య నేర్పుతాడా? తెలుగు విశ్వవిద్యాలయం కింద నడిచిన కూచిపూడి కళాపీఠంలో చదివి పట్టాలు పొందినవారు ఎందరో ఉన్నారు. పట్టా ఉన్నంత మాత్రాన వేదిక దొరకదు.

ఇదంతా డబ్బుతో పని అంటారు. నిజమే. వేషధారులు, వాద్యగాళ్లు, మేకప్ మనిషి కలిపితే పదిహేను మందికి తగ్గరు. వారికి ప్రయాణం, భోజనం, గౌరవంగా చేతిలో పెట్టే సొమ్ము కావాలి. ప్రభుత్వ గ్రాంటు వచ్చినప్పుడే ఆట అనుకుంటే ఆ మేళాలు జిల్లా కేంద్రాల్లో, విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రంలో ఆడి వెళ్లిపోతాయి. ఉయ్యూరుకు ఆ అవసరం ఉందా? చెరకు రైతులు కలిసికట్టుగా ఏం చేయగలరో తెలియాలంటే ఇక్కడి సిద్ధార్థ డిగ్రీ కాలేజీ బోర్డు పూర్తిగా చదివితే చాలు. దాని పేరులోనే చెరకు రైతులు ఉన్నారు. కాలేజీ కట్టుకోగలిగిన ఊరికి ఏడాదికి ఒక రాత్రి ఆట కట్టించుకోవడం భారం కాదు. రికార్డింగ్ డ్యాన్సులకు, డీజేలకు, మందుగుండుకు ఊరేగింపుల్లో ఖర్చయ్యేది ఎవరూ లెక్క అడగడం లేదు.

ఉచితంగా పెట్టాలన్న వాదన కూడా అంత మంచిది కాదు. చిన్న టిక్కెట్టు పెడితే, డబ్బిచ్చి కూర్చున్నవాడు చివరిదాకా కూర్చుంటాడు. బాగాలేదని చెప్పే హక్కు కూడా అతనికి ఉంటుంది. పాతకాలంలో మానెడు బియ్యం ఇచ్చిన ఇల్లాలికి ఆ హక్కు ఉండేది.

తమిళనాడులో తంజావూరు దగ్గర మెలట్టూరు అనే ఊరుంది. నాయకరాజుల కాలంలో అక్కడ స్థిరపడిన భాగవతుల సంతతివారు ప్రతి ఏటా నృసింహ జయంతి రోజుల్లో గుడి ముందర భాగవతమేళ నాటకాలు ఆడతారు. నాటకాలు తెలుగువి. మెలట్టూరు వెంకటరామశాస్త్రి రాసిన ప్రహ్లాద చరిత్రం వాటిలో ప్రసిద్ధం. చూసే జనం మాట్లాడేది తమిళం. ఆడేవాళ్లలో చాలామంది ఎక్కడెక్కడో ఉద్యోగాలు చేసుకుంటూ, ఆ రోజులకు సెలవు పెట్టుకుని వచ్చి వేషం కడతారు. తెలుగు రాని జనం మధ్య తెలుగు ఆట ఏటేటా నిలబడుతుంటే, తెలుగే మాట్లాడే కృష్ణా జిల్లాలో, అదీ కూచిపూడి పక్కన, సాకులు వెతుక్కోవడం సిగ్గుచేటు.

ఉయ్యూరు వీరమ్మతల్లి తిరునాళ్లు మాఘమాసంలో రోజుల తరబడి జరుగుతాయి. సిడిబండి చూడటానికి చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం విరగబడి వస్తారు. అప్పటికి కోతలు, నూర్పిళ్లు అయి చేతిలో నాలుగు డబ్బులు ఆడుతుంటాయి. ఆ రోజుల్లో ఒక్క రాత్రి భామాకలాపానికి కేటాయిస్తే జనాన్ని ప్రత్యేకంగా పిలవనక్కరలేదు, పందిరి వేరే వేయనక్కరలేదు. కాలేజీ విద్యార్థులు ముందుగా వచ్చి కథ ఐదు నిమిషాల్లో మైకులో చెబితే, ఎప్పుడూ చూడనివారికి కూడా దారి దొరుకుతుంది. మరుసటి ఏడాది గొల్లకలాపం, ఆ తరువాత ప్రహ్లాద, ఉషాపరిణయం. ఆడగల మేళాలు కూచిపూడిలో ఇంకా ఉన్నాయి.

సంక్రాంతి తరువాత అడిగితే వారి తేదీలు దొరకకపోవచ్చు. తిరునాళ్ల కమిటీ, కాలేజీవారు, రైతు పెద్దలు కార్తీకంలోనే ఒకరోజు కూచిపూడి వెళ్లి, రామలింగేశ్వరస్వామి గుడిలో దణ్ణం పెట్టుకుని, గురువులతో మాట్లాడి బజానా ఇచ్చి రావడం మంచిది. వాద్యాలతో సహా రావాలని, ఆట సరిగ్గా చెప్పిన వేళకు మొదలవుతుందని, మధ్యలో ఉపన్యాసాలు ఉండవని అప్పుడే ఇరువైపులా ఖరారు చేసుకోవాలి.